పొగ కమ్మిన పూట

ఎండుటాకులు కాలినా, వరి కొయ్యకాళ్లు కాలినా, గల్లీ చివర చెత్తకుప్ప కాలినా కంటికి కనిపించే పొగ కాసేపటికి చెదిరిపోతుంది. కనిపించనిది గాలిలోనే ఉండిపోతుంది. పొగలో మనిషికి ఎక్కువ హాని చేసేది రెండున్నర మైక్రాన్లు మించని నలుసు. తల వెంట్రుక మందంలో అది సుమారు ముప్పయ్యో వంతు. ముక్కులోని వెంట్రుకలకు గానీ, గొంతులోని తేమకు గానీ చిక్కకుండా ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి గదుల దాకా వెళ్లిపోతుంది. మరీ సన్నని నలుసులు అక్కడి నుంచి రక్తంలోకి కూడా జారతాయి. కాలుష్య లెక్కల్లో దీని పేరు పీఎం 2.5. పెద్ద నలుసు బూడిదై మంట చుట్టుపక్కలే రాలుతుంది. ఈ సన్న నలుసు అలా కాదు, రోజుల తరబడి తేలుతూ వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఎక్కడో అడవి అంటుకుంటే ఇంకెక్కడో పసిపిల్లలు దగ్గడం ఇందుకే.

నలుసుతో పాటు పొగలో కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్, కళ్లు మండించే ఆక్రోలిన్ వంటివి ఉంటాయి. ప్లాస్టిక్ సంచులు, పాత టైర్లు, కరెంటు తీగల తొడుగులు కాలిస్తే వీటికి డయాక్సిన్లు, భారలోహాలు తోడవుతాయి. అడవి పొగ ప్రకృతి నుంచి వచ్చిందే కాబట్టి అంత చెడ్డది కాదని కొందరు అనుకుంటారు. కట్టెపొయ్యి ముందు జీవితమంతా గడిపి, ముసలితనంలో ఆయాసంతో మంచం పట్టిన తెలుగు పల్లె ఆడవాళ్లను చూసినవారు ఆ మాట అనలేరు. వాళ్లు పీల్చింది తుమ్మకట్టె పొగే, ఫ్యాక్టరీ పొగ కాదు.

హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన, కోహ్-ఎ-తూర్ గుట్ట మీద ఉన్న ఫలక్‌నుమా ప్యాలెస్‌కు పైగా వంశీయుడు నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేశాడు. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దమని అర్థం చెబుతారు. ఇప్పుడా అద్దంలో కనిపించేది నగరపు గాలి. వానలు వెలిసిన రోజున గుట్ట మీది నుంచి సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలోని చార్మినార్ మినార్లు గీత గీసినట్టు కనిపిస్తాయి. డిసెంబర్ తెల్లవారుజామున అదే చోట నిలబడితే శాలిబండ, అలియాబాద్ డాబాల మీద బూడిదరంగు దుప్పటి పరుచుకుని ఉంటుంది. పైన ఆకాశం నీలంగా, శుభ్రంగా ఉంటుంది. మురికంతా కింద, మనుషులు ఊపిరి తీసుకునే ఎత్తులోనే ఉంటుంది.

దీనికి కారణం గాలి పొరలు తలకిందులు కావడం. మామూలుగా నేల దగ్గరి గాలి వేడెక్కి పైకి లేస్తుంది, పొగను కూడా తనతో పైకి తీసుకుపోయి చెదరగొడుతుంది. చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది. దాని మీద వెచ్చని గాలి పొర నిలిచి, కుండ మీద మూకుడు మూసినట్టు అవుతుంది. కింద ఏం కాలినా పొగ ఆ మూకుడు దాటి పోదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చాలా రాత్రులు ఇదే తీరు. ఎండ బాగా కాసి నేల వేడెక్కితే తప్ప మూత తెరుచుకోదు. అందుకే ఈ నెలల్లో గాలి అర్ధరాత్రి నుంచి ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల దాకా బాగా చెడి, మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య కాస్త తేటపడుతుంది. తెల్లవారుజాము గాలి అమృతమన్న నమ్మకంతో మఫ్లర్ చుట్టుకుని నడకకు బయల్దేరే పెద్దలు రోజు మొత్తంలో అతి చెడ్డ గాలిని, అదీ వేగంగా, పీల్చుకుని ఇంటికి వస్తున్నారు. అలవాటులో చెడ్డదేమీ లేదు, ఎంచుకున్న వేళే తప్పు.

పొగ వచ్చే దారులు

ఫలక్‌నుమాకు పొగ దగ్గర నుంచీ వస్తుంది, దూరం నుంచీ వస్తుంది. దగ్గరివి అందరికీ తెలిసినవే. రాత్రి ఆటో స్టాండు దగ్గర వేసే చలిమంటలో కట్టెలు కొన్నే ఉంటాయి, మిగతాది థర్మకోల్, టైరు ముక్కలు, అట్టపెట్టెలు. ఊడ్చిన చెత్తను బండి వచ్చేదాకా ఉంచే ఓపిక లేక అక్కడే అగ్గిపెట్టడం ఇంకొకటి. రంజాన్ నెలలో హలీం భట్టీలు గంటల తరబడి కట్టెల మీద కాగుతాయి. దక్షిణ, పడమర దిక్కుల్లో మైలార్‌దేవ్‌పల్లి, కాటేదాన్ పారిశ్రామిక వాడ ఉంది. అక్కడి ప్లాస్టిక్, రబ్బరు గోదాముల్లో అప్పుడప్పుడు నిప్పు రాజుకుంటుంది. అలాంటి రోజున నల్లటి పొగ చుట్టుపక్కల బస్తీలన్నిటికీ కనిపిస్తుంది.

దూరపు పొగ శ్రీశైలం రోడ్డు దిక్కున పుడుతుంది. ఫలక్‌నుమా దాటి చాంద్రాయణగుట్ట నుంచి పహాడీషరీఫ్, కడ్తాల్, ఆమనగల్లు మీదుగా పోయే ఆ రోడ్డు మన్ననూరు దగ్గర నల్లమలలోకి, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి ప్రవేశిస్తుంది. సుమారు 2,600 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో ఎక్కువ భాగం ఆకు రాల్చే చెట్లు. శివరాత్రి నాటికి నేలంతా ఎండుటాకు పరుచుకుంటుంది, వానాకాలంలో నిలువెత్తు పెరిగిన గడ్డి ఎండి పసుపు పచ్చగా మారుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఒక్క బీడీ ముక్క చాలు. తునికాకు చిగురు బాగా రావాలని, ఇప్పపూలు ఏరుకోవడానికి నేల శుభ్రపడాలని పెట్టే నిప్పు, యాత్రికులు వంట చేసుకుని ఆర్పకుండా వదిలేసిన పొయ్యి, పశువుల కాపరుల అజాగ్రత్త, ఇవన్నీ ఏటా వినిపించే కారణాలే. మెరుపు పడి తనంతట తాను అంటుకునే అడవి ఇక్కడ అరుదు, నిప్పు దాదాపు ఎప్పుడూ మనిషి చేతి మీదుగానే వస్తుంది. అటవీ సిబ్బంది వేసవికి ముందే గడ్డి, ఆకు తొలగించి ఫైర్‌లైన్లు తీస్తారు. చెంచు యువకులు కాపలాకు తిరుగుతారు. ఉపగ్రహం కనిపెట్టిన వేడి చుక్కల సమాచారం డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి స్థానిక అధికారుల ఫోన్లకు చేరుతుంది. ఆ తర్వాత పని మాత్రం పాత పద్ధతే: చెట్టుకొమ్మలతో బాదడం, వీపు మీది బ్లోయరుతో ఆకు చిమ్మడం.

దీనికి వరికోతల పొగ కలుస్తుంది. హార్వెస్టర్ వచ్చాక పొలంలో కొయ్యకాళ్లు ఎత్తుగా మిగులుతున్నాయి. దున్నడానికి సమయం, ఖర్చు లేని రైతు వానాకాలం కోత తర్వాత ఒకసారి, యాసంగి కోత తర్వాత మరొకసారి అగ్గిపెడతాడు. నల్లమల పొగ ఒక్కటే వచ్చి హైదరాబాద్‌ను ముంచెత్తేంత పరిస్థితి మామూలుగా రాదు. అయితే అప్పటికే వాహనాల పొగ, నిర్మాణాల దుమ్ముతో సగం నిండిన గ్లాసులో ఇది పై నుంచి పోసిన నీళ్లు. గ్లాసు పొర్లినప్పుడు ఏ చుక్క వల్ల పొర్లిందో విడదీసి చెప్పడం కష్టం.

రంగు చూసి మోసపోవద్దు

కార్చిచ్చు పొగలో బతకడమంటే ఏమిటో తెలుగువాళ్లకు బాగా తెలిసింది పరాయి దేశాల్లోనే. 2018 నవంబర్ 8న ఉత్తర కాలిఫోర్నియాలో మొదలైన క్యాంప్ ఫైర్ ప్యారడైజ్ అనే ఊరిని బూడిద చేసి 85 మందిని పొట్టన పెట్టుకుంది. అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో బడులు మూసేశారు, ఎన్95 మాస్కులు దుకాణాల్లో దొరకలేదు. 2013 జూన్ 21న ఇండోనేషియా సుమత్రా మంటల పొగతో సింగపూర్ కాలుష్య సూచీ 401కి చేరింది. 2023 జూన్ 7న కెనడాలోని క్యూబెక్ అడవుల పొగ న్యూయార్క్ మీదికి, తెలుగువాళ్లు దండిగా ఉన్న న్యూజెర్సీ మీదికి దిగినప్పుడు న్యూయార్క్‌లో సూచీ 400 దాటింది.

వీటన్నిటిలో ఎక్కువ నేర్పేది 2020 సెప్టెంబర్ 9. ఆ రోజు బే ఏరియాలో తెల్లవారినా తెల్లవారలేదు. ఆకాశమంతా ముదురు నారింజ రంగు. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్‌హోజే ఇళ్లలో పట్టపగలు లైట్లు వెలిగాయి. ప్రళయం వచ్చినట్టున్న ఆ ఉదయం నేల దగ్గరి గాలి నిజానికి అంత చెడ్డగా లేదు. దట్టమైన పొగ ఎత్తున నిలిచి సూర్యకాంతిని వడకట్టింది, దాని కింద సముద్రపు చల్లగాలి పొర ఉంది. తర్వాతి రోజుల్లో పొగ కిందికి దిగింది. నారింజ రంగు పోయి మామూలు మబ్బు పట్టినట్టు బూడిద రంగు మిగిలింది. జనం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. అసలు విషం అప్పుడే ఊపిరిలోకి పోయింది.

అందుకని పొగను కంటితోనో ముక్కుతోనో కొలిచి లాభం లేదు. వాసన కూడా నమ్మదగింది కాదు. కొంతసేపటికి ముక్కు దానికి అలవాటుపడుతుంది, పాతబడిన పొగకు వాసన ఉండకపోవచ్చు. అంకె చూడాలి. ఫలక్‌నుమావాసులకు దగ్గర్లోని ఆటోమేటిక్ కొలత కేంద్రం బహదూర్‌పురా జూపార్కులో ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నడిపే సమీర్ యాప్‌లో దాని వివరాలు ఎప్పటికప్పుడు కనిపిస్తాయి. అక్కడ ఒకే అంకెగా కనిపించే గాలి నాణ్యత సూచీ ఏక్యూఐని ఆరు మెట్లుగా విభజించారు. 50 దాకా మంచిది, 100 దాకా సంతృప్తికరం, 200 దాకా ఓ మోస్తరు, 300 దాకా చెడ్డది, 400 దాకా చాలా చెడ్డది, ఆపైన తీవ్రం.

ఈ అంకెను చదవడంలో రెండు మెలికలున్నాయి. మొదటిది, పీఎం 2.5కి సంబంధించి ఇది 24 గంటల సగటు. పొద్దున్నే పొగ కమ్మితే సగటు అంకె కదలడానికి చాలాసేపు పడుతుంది. మధ్యాహ్నానికి గాలి తేటపడ్డా అంకె ఇంకా ఎర్రగానే ఉండొచ్చు. కాబట్టి సగటుతో పాటు గంటవారీ గ్రాఫు కూడా చూడాలి. రెండోది, ఒక్కో దేశపు కొలబద్ద ఒక్కోలా ఉంటుంది. ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే భారత సూచీ సుమారు 83 చూపి ‘సంతృప్తికరం’ అంటుంది. అదే గాలికి 2024లో సవరించిన అమెరికా సూచీ సుమారు 137 చూపి పిల్లలకు, వృద్ధులకు, రోగులకు హానికరమంటుంది. భారత ప్రమాణం రోజుకు 60 మైక్రోగ్రాముల దాకా అనుమతిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 15. న్యూజెర్సీ ఎడిసన్‌లోని కొడుకు ఫోన్లో చూసిన అంకె, ఇంజన్‌బౌలిలో తండ్రి ఫోన్లో కనిపించే అంకె వేర్వేరుగా ఉంటే ఎవరి ఫోనూ చెడిపోయినట్టు కాదు. ఇంట్లో ఉబ్బసం రోగో, నెలలు నిండిన గర్భిణో ఉంటే ‘సంతృప్తికరం’ అన్న మాటను గుడ్డిగా నమ్మకుండా, 100 దాటకముందే జాగ్రత్త పడటం మేలు.

ఒక సంగతి మరువకూడదు. జూపార్కు యంత్రం జూపార్కు గాలిని కొలుస్తుంది. ఇంటి వెనక టైరు కాలుతుంటే ఆ అంకె ఎంత పచ్చగా ఉన్నా ఒరిగేదేమీ లేదు.

ఎవరికి ముప్పు

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు పొగరోజున కళ్లు మండటం, గొంతు గరగర, పొడిదగ్గు, తలనొప్పి రావచ్చు. గాలి బాగుపడ్డాక ఇవి చాలామందిలో తగ్గిపోతాయి. ఉబ్బసం, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు (సీఓపీడీ), గుండెజబ్బు ఉన్నవారి సంగతి వేరు. నలుసు రక్తనాళాల్లో వాపు పుట్టిస్తుంది, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. పొగ పెరిగిన గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరిగేది అందుకే. పిల్లలు తమ బరువుతో పోలిస్తే పెద్దల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు. పైగా ఇంట్లో కుదురుగా ఉండరు. ఇక ఆటో డ్రైవరు, తోపుడుబండి వ్యాపారి, రోడ్లు ఊడ్చే కార్మికురాలు, కూడలిలో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబులు, వీళ్లకు ‘బయటికి వెళ్లొద్దు’ అన్న సలహా ఉపవాసం ఉన్నవాడికి పథ్యం చెప్పినట్టే.

రోగులు చేయాల్సింది పొగ రాకముందే మొదలవుతుంది. నెలకు సరిపడా మందులు ఇంట్లో ఉండాలి. ఇన్‌హేలర్‌లో ఎన్ని మోతాదులు మిగిలాయో చూసుకోవాలి. పంపు అలవాటైతే మానలేమని భయపడి, కాస్త తేలికపడగానే దాన్ని పక్కన పెట్టేసేవారు పాతబస్తీలోనే కాదు, తెలుగునాట ప్రతి ఊళ్లో ఉన్నారు. ఉబ్బసానికి రోజూ వాడే పంపు ఊపిరి గొట్టాల్లోని వాపును అణిచి ఉంచుతుంది. దాన్ని మానేసిన మనిషికి పొగ పట్టినప్పుడు అప్పటికప్పుడు వాడే పంపు కూడా చాలకపోవచ్చు. ఒక వాక్యం పూర్తి చేయలేనంత ఆయాసం, ఛాతీలో బిగపట్టినట్టు నొప్పి, పెదాలు గోళ్లు నీలిరంగుకు తిరగడం, మగత, తికమక, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. చంటిపిల్లలు పాలు తాగలేక ఎగశ్వాస పెడుతుంటే, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతుంటే అది కూడా అలాంటి అత్యవసరమే.

బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే ఊపిరితిత్తుల్లో దుమ్ము పోతుందని మిల్లుల్లో, క్వారీల్లో పాత నమ్మకం. బెల్లం వెళ్లేది కడుపులోకి. పసుపు వేసి ఆవిరి పడితే ముక్కు, గొంతు హాయిగా ఉంటాయి, గాలి గదుల్లో చేరిన నలుసు మాత్రం కదలదు. కిటికీలో మనీప్లాంటు కంటికి ఇంపు, అంతవరకే.

శుభ్రమైన గది ఒక్కటి

పొగ నుంచి కాపాడే సాధనాల్లో అన్నిటికంటే నమ్మకమైనది ఇల్లే. అయితే ఇల్లంతా బిగించాలని చూస్తే ఏదీ కుదరదు. పాతబస్తీ ఇళ్లలో పైకప్పు దగ్గర మూతలేని వెంటిలేటర్లు ఉంటాయి, నడుమ ఆకాశం కనిపించే ఆంగన్ ఉంటుంది, తలుపు చెక్కకూ గడపకూ మధ్య వేలు దూరే సందు ఉంటుంది. అందుకే ఒక గదిని ఎంచుకోవాలి. కిటికీలు తక్కువ ఉన్నది, వంటగదికి దూరంగా ఉన్నది, వీలైతే ఇంటి మధ్యలో ఉన్నది. వెంటిలేటరుకు లోపలి నుంచి పాలిథీన్ షీటు, టేపు. తలుపు కింద తడిపి పిండిన తువ్వాలు చుట్ట. వృద్ధులు, పిల్లలు, రోగులు రాత్రి పడుకునేది అక్కడే. నిద్రలో గడిచే ఏడెనిమిది గంటలు శుభ్రమైన గాలి అందినా శరీరం మీద పడే మొత్తం భారం బాగా తగ్గుతుంది.

ఆ గదిలో కొత్త పొగ పుట్టకూడదు. అగరుబత్తి, సాంబ్రాణి, ఊదు, లోబాన్, దోమల కాయిల్, సిగరెట్, ఏవీ వద్దు. మూసిన గదిలో ఒక్క కాయిల్ చాలు, బయటి గాలే నయమనిపించేలా చేస్తుంది. పొగరోజున పూరీలు, మిర్చిబజ్జీలు వాయిదా వేసుకుని కుక్కర్‌లో అయ్యే వంటతో సరిపెట్టుకోవడం మంచిది. చీపురుతో ఊడిస్తే నేల మీది నలుసు మళ్లీ గాలిలోకి లేస్తుంది. తడిగుడ్డ పెట్టాలి. చలి అని బొగ్గుల కుంపటి గానీ, అంగీఠీ గానీ మూసిన గదిలో పెట్టుకోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. నిద్రలో ఉన్న మనిషిని అది లేపదు.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనగలిగినవారు హెపా ఫిల్టరు ఉన్నది చూడాలి. అయోనైజర్, ఓజోన్ వదిలే యంత్రాల జోలికి పోకూడదు. డబ్బా మీద సీఏడీఆర్ అని ఒక అంకె ఉంటుంది, గంటకు అది ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో ఆ అంకె చెబుతుంది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిలో 1,200 ఘనపుటడుగుల గాలి, అంటే సుమారు 34 ఘనపు మీటర్లు పడుతుంది. గంటకు ఐదుసార్లు ఆ గాలి వడకట్టాలంటే సీఏడీఆర్ 170 ఘనపు మీటర్లు ఉండాలి. అదే కొలతల గది పాత మకానులో పద్నాలుగడుగుల ఎత్తున ఉంటే 240 దాకా కావాలి. దుకాణదారు చదరపుటడుగుల లెక్కే చెబుతాడు, ఎత్తు సంగతి కొనేవాళ్లే గుర్తు పెట్టుకోవాలి. అమెరికాలో ఫ్యానుకు నాలుగు పక్కల మంచి రకం ఏసీ ఫిల్టర్లు టేపుతో అతికించి చేసే కోర్సీ-రోసెంతాల్ పెట్టె 2020 నుంచి ప్రాచుర్యంలోకి వచ్చింది. టేబుల్ ఫ్యాను, హెపా ఫిల్టరుతో ఆ సూత్రాన్నే ఇక్కడా వాడుకోవచ్చు. మోటారు వేడెక్కుతోందేమో గమనిస్తూ ఉండాలి, ఎవరూ లేనప్పుడు దాన్ని నడపకూడదు.

స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది కాబట్టి పొగను లోపలికి లాగదు, నలుసును పెద్దగా వడకట్టదు కూడా. విండో ఏసీకి బయటిగాలి తలుపు ఉంటే అది మూసి ఉందో లేదో చూసుకోవాలి.

కష్టమంతా కూలరుతోనే. హైదరాబాద్ వేసవిలో మధ్యతరగతి ఇంటిని కాపాడేది కూలరే, అడవులు కాలేదీ ఆ నెలల్లోనే. కూలరు కిటికీ అవతలి గాలిని తడి గడ్డి గుండా లాగి గదిలోకి కొడుతుంది. ఆ గడ్డి, తేనెతుట్టె ప్యాడ్లు పెద్ద దుమ్మును ఆపుతాయి, పీఎం 2.5ను ఆపలేవు. పైగా కూలరు పనిచేయాలంటే ఎదుటి కిటికీ తెరిచి ఉండాలి. పొగ దట్టంగా ఉన్న వేళ కూలరు పెట్టుకోవడమంటే మోటారు పెట్టి పొగను తోడుకోవడమే. అలాగని 42 డిగ్రీల ఎండలో డాబా కింద గది మూసుకుని కూర్చుంటే వృద్ధులకు వడదెబ్బ తగులుతుంది. వడదెబ్బ గంటల్లోనే ప్రాణం తీస్తుంది. ఈ రెంటిలో ఏది ముందని అడిగితే వేడికే ముందు మందు వేయాలి. గంటవారీ అంకె చూసి, పొగ పలచబడ్డ వేళల్లో కూలరు నడిపి గదిని చల్లబరచడం, మిగతా వేళల్లో దాన్ని ఆపి తడిబట్ట, ఫ్యాను, నీళ్లు, మజ్జిగలతో నెట్టుకురావడం ఒక మార్గం. రెండూ ముదిరిన రోజున మరీ వృద్ధులను ఏసీ ఉన్న బంధువుల ఇంటికి పంపడం ఇంకో మార్గం.

మాస్కు, దస్తీ, నకాబ్

పొగలో దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకోవడం అందరికీ అలవాటైన పని. తడిపి కట్టినా, నాలుగు మడతలు వేసినా బట్ట నేతలోని సందులు ఈ నలుసుకు పెద్ద వాకిళ్లే. చున్నీ, కండువా, నకాబ్ కూడా అంతే. సర్జికల్ మాస్కు బట్ట కొంత వడకడుతుంది గానీ పక్కల్లోని ఖాళీల నుంచి గాలి దూరిపోతుంది. పనికొచ్చేది ఎన్95, లేదా ఐఎస్ఐ గుర్తున్న ఎఫ్ఎఫ్‌పీ2. అదీ ముఖానికి అతుక్కుంటేనే. రెండు పట్టీలూ తల వెనక్కి వేసి, ముక్కు మీది రేకు నొక్కి, గట్టిగా ఊపిరి వదిలినప్పుడు కళ్లజోడు మసకబారితే పైనుంచి గాలి పోతున్నట్టు లెక్క. గడ్డం ఉన్నవారికి అంచు సరిగా ఆనదు, రక్షణ బాగా తగ్గుతుంది. వారు మాస్కును నమ్ముకుని ఎక్కువసేపు పొగలో ఉండకపోవడం మంచిది. నకాబ్ వేసుకునేవారు లోపల ఎన్95 పెట్టుకుంటే అడ్డేమీ ఉండదు. కవాటం ఉన్న మాస్కు కరోనాకు పనికిరాదన్నారు, పొగకు పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ కాపాడుకోవాల్సింది వేసుకున్న మనిషిని. ఎన్95ను ఉతకకూడదు. తడిసినా, నల్లబడినా, పట్టీ వదులైనా మార్చాలి. చిన్నపిల్లల ముఖానికి పెద్దల మాస్కు కుదరదు, వాళ్లకు గదే రక్ష.

మాస్కు ఆపేది నలుసునే, వాయువులను కాదు. పక్కనే మంట రేగినప్పుడు మాస్కు వేసుకుని లోపల కూర్చోవడం ఆత్మహత్యతో సమానం. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో కింద దుకాణాలు, పైన నివాసాలు ఉన్న పాత భవనంలో నిప్పు రాజుకుని ఎనిమిది మంది పిల్లలతో సహా 17 మంది చనిపోయారు. చాలామందిని బలిగొన్నది మంట కాదు, ఇరుకు మెట్లదారిని నింపేసిన పొగ. దూరపు పొగకు తలుపులు మూయాలి, సొంత భవనంలో పొగకు తలుపులు దాటి పోవాలి. ఈ తేడా ఇంట్లో పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. పొగలో వంగి, నేలకు దగ్గరగా కదలాలి. బయటపడ్డాకే 101కి ఫోన్.

గల్లీ మంట

ఇంటి పొగ, అడవి పొగ కంటే ఆపడానికి తేలికైనది గల్లీ పొగ. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబర్ 22న దేశమంతటా నిషేధించింది. మామూలు మంటకు 5,000 రూపాయలు, పెద్దయెత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని తీర్పులోనే ఉంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం నగరాల జాబితాలో హైదరాబాద్ కూడా ఉంది. జరిమానా రసీదు చూసినవాళ్ల కంటే మంట చూసినవాళ్లే ఎక్కువన్నది వేరే మాట. చలిమంట దగ్గర నిలబడ్డ వాచ్‌మన్‌ను తిట్టి ప్రయోజనం లేదు, అతనికి చలి నిజం. ఎండు కట్టె నాలుగు ముక్కలు ఇచ్చి టైరు, థర్మకోల్ వేయొద్దని చెబితే వింటాడు, ఎందుకంటే అందరికంటే ముందు ఆ పొగ పీల్చేది అతనే.

బయట పని తప్పనివారికి వేళ మార్చుకోవడమే మిగిలిన దారి. బరువులెత్తడం, తోపుడుబండి ఎత్తు ఎక్కించడం వంటి పనుల్లో మనిషి విశ్రాంతిగా ఉన్నప్పటికంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు. చలికాలంలో అలాంటి పని పదిగంటల తర్వాతికి నెట్టగలిగితే అదే సగం మాస్కు. బడిలో ఉదయపు డ్రిల్లును, ఆటల పీరియడ్‌ను పొగరోజున తరగతి గదిలోకి మార్చడానికి పైసా ఖర్చు లేదు. కారులో వెళ్లేవారు అద్దాలు ఎత్తి, ఏసీని లోపలి గాలి తిరిగే గుర్తు మీద ఉంచాలి. స్కూటర్, ఆటో ప్రయాణాల్లో ఎన్95 ఒక్కటే దిక్కు.

పొగ తగ్గాక కిటికీలు వెంటనే తెరిచి మూసిన గదిలోని గాలిని బయటికి పంపాలి. బిగించిన ఇంట్లో పాత పొగ బయటి కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే అది రాత్రి పది గంటలకు చేసే పని కాదు. మధ్యాహ్నం, గంటవారీ అంకె దిగుతున్నప్పుడు చేయాలి. పరదాలు, దుప్పట్లు ఉతకాలి. డాబా మీద, కిటికీ చట్రాల్లో నల్లటి పొర పేరుకుని ఉంటే నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని తుడవాలి. నీళ్ల ట్యాంకు మూత సరిగా లేకపోతే లోపల కూడా చూసుకోవాలి. కూలరు గడ్డి మార్చాలి. ఏసీ జాలీ కడిగి ఆరబెట్టొచ్చు గానీ ప్యూరిఫయర్‌లోని హెపా ఫిల్టరును కడగకూడదు. నీళ్లు తగిలితే దాని సన్నని పోగులు దెబ్బతిని, చూడటానికి తెల్లగా ఉన్నా వడకట్టడం మానేస్తుంది. పొగ ఎక్కువ ఉన్న ఏడాది కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే దాన్ని మార్చాల్సి వస్తుంది. విప్పి చూస్తే కొత్తప్పుడు పాలలా ఉన్న మడతలు పొయ్యి పక్క గోడలా నల్లబడి ఉంటాయి.